ఆఖరి ఫారం

మీ నవలలో చివరి రెండు ఫారాలు తారుమారయ్యాయి మాస్టారూ. చేసింది నేనే. ఆ ఒక్క మాట కోసం ఇంత దూరం బస్సెక్కి రావాలా? ఒక కార్డు ముక్క రాస్తే ఔననే రాసి పంపేదాన్ని.

కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఈ స్టూలు లాక్కోండి. ఆ అట్టలూడిన పుస్తకాల్ని మాత్రం కదపకండి, వరసలో పెట్టుకున్నాను. అవును, వరసలోనే. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేం అనుకోను.

మీరు తెచ్చిన కాగితం చదివాను. రెండో ముద్రణ ముందుమాటలో వేస్తారన్నమాట. "మొదటి ముద్రణలో బైండింగు చేసిన మహిళ పొరపాటు వల్ల చివరి భాగాలు ముందువెనకలయ్యాయి. ఆ సంగతి ఆమే ఒప్పుకున్నారు." కింద నా సంతకానికి చోటు. గీత కూడా గీసుకొచ్చారు, స్కేలు పెట్టి.

పెడతాను. పెట్టనని ఎవరన్నారు? కాకపోతే ముందు ఒక్క పావుగంట మీరు వినాలి. ఈ ఎనిమిది నెలలూ మీరే మాట్లాడారు, సభల్లో, పత్రికల్లో. అచ్చయిన ప్రతి మాటా చదివాను. లైబ్రరీ ఉద్యోగంలో ఉన్న సుఖం అదే, పత్రికలన్నీ ముందు మన చేతి మీదుగానే వెళ్తాయి.

నాకు మీ మీద కోపం లేదు. మీ నవల మీద కాస్త ఉంది. దానికొస్తాను.

ముందు మా పని సంగతి చెప్పనివ్వండి. మీకు తెలియదని కాదు, తెలుసనుకుంటారు, అదీ చిక్కు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒక్కసారే అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. మీ నవల పన్నెండు ఫారాలు. మామూలుగా ప్రతి ఫారానికీ మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అంకె వేస్తారు, ఇది మూడోది, ఇది నాలుగోది అని. చదివేవాళ్ళ కంటికి ఆనదు. కుట్టేవాళ్ళకి అదే దిక్కు.

మీరు దాన్నీ తీయించేశారు. పేజీ నంబర్లు వద్దన్నారు, సరే. అధ్యాయాలకి పేర్లు వద్దన్నారు, సరే. మనుషులకే పేర్లు వద్దన్నారు, మీ ఇష్టం. అడుగున ఉన్న ఆ చిన్న అంకె మీకేం అపకారం చేసింది? పల్లెలో కాలానికి అంకెలుండవన్నారట. ప్రెస్సు నడిపే మా బావగారు ఆ మాట నాకు చెప్పి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, పెద్దవాళ్ళు, మనకెందుకులే అమ్మా అన్నారు.

పైగా ఏ ఫారానికా ఫారం పూర్తి. ఒక వాక్యం ఇక్కడ తెగి అక్కడ మొదలైతే, ఆ అతుకు చూసి వరస పట్టేదాన్ని. మీరు పన్నెండు గదులు కట్టి, మధ్యలో ఒక్క తలుపూ పెట్టలేదు.

గదులంటే గుర్తొచ్చింది. మా ఇల్లు మీరు చూడలేదు. ముందు గదిలో కూర్చుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ముందు ప్రెస్సు, వెనక బైండింగు గది, పైన మేం. మధ్యలో పద్నాలుగు మెట్లు. పొద్దున దిగితే పని, సాయంత్రం ఎక్కితే ఇల్లు. మా ఆయన పోయినప్పుడు నాకు ముప్ఫై నాలుగు. ఆయన కుట్టే సూదే తెచ్చి బావగారు నా చేతిలో పెట్టారు. ఇంట్లోనే పని, బయటికి వెళ్ళే అవసరం ఉండదు నీకు అన్నారు. ప్రేమగానే అన్నారు.

అదే కదా నా బాధ. ఎవరైనా ఒక్క మాట కసిరి ఉంటే ఏనాడో బయటపడేదాన్ని.

సూదులూ దారాలూ ఇంటికే వచ్చేవి. బట్టలు అక్కయ్య తెచ్చేది. అక్కయ్యంటే బావగారి భార్య, నా తోటికోడలు. నా కొలతలు నాకంటే ఆవిడకే బాగా తెలుసు. చూపు మసకేసిందంటే డాక్టర్నే ఇంటికి తీసుకొచ్చారు. పదకొండేళ్ళలో నేను చెప్పులు మార్చలేదు మాస్టారూ. పొదుపు చేసి కాదు, అరగలేదు.

బి.ఏ. చదివానని అందరికీ గౌరవమే. ప్రూఫుల్లో సందేహం వస్తే నన్నే పిలిచేవారు. మా మరదలు డిగ్రీ చదివింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నా చదువు చెప్పుకోవడానికి బాగా పనికొచ్చింది.

నాలుగేళ్ళ కిందట ఈ లైబ్రరీలోనే, ఈ గదిలోనే, ఆర్నెల్ల పని ఉందని పత్రికలో చూసి కార్డు రాశాను. రమ్మన్నారు. ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పెట్టె పట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. బస్సెక్కి, కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, పొయ్యి మీద జిగురు ఉడుకుతోందని.

దిగిపోయాను. దిగి పరిగెత్తాను. వెళ్ళి చూస్తే ఏముంది, అక్కయ్య పొయ్యి ఎప్పుడో ఆర్పేసింది. గిన్నె మీద మూత కూడా పెట్టింది. నన్ను చూసింది, నా చేతిలో పెట్టె చూసింది. "అటక మీద పెట్టేయనా?" అంది.

అంతే. ఎక్కడికి బయల్దేరావని ఆవిడా అడగలేదు, బావగారూ అడగలేదు. ఆ సాయంత్రం అరచేతిలో పెట్టె పిడి కోసిన ఎర్రటి గీత చూసుకుంటూ కూర్చున్నాను. మర్నాటికి అదీ పోయింది.

ఇదంతా మీకెందుకంటారా? ఆగండి. మీ నవల దగ్గరికే వస్తున్నాను.

కుట్టేవాళ్ళం పుస్తకం ఎలా చదువుతామో తెలుసా మీకు? ఫారాన్ని సరిగ్గా నడిమికి తెరిచి ఆ మడతలో సూది దించుతాం. మాకు కనపడేవి నడిమి రెండు పేజీలే. పదకొండేళ్ళు నేను నడిమి పేజీలే చదివాను. ఎవరు ఎందుకు చచ్చారో తెలియదు, చచ్చాక పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో మాత్రం తెలుసు. మొదటి నుంచి చివరిదాకా ఒక పుస్తకం చదివి ఎన్నాళ్ళయిందో.

మీది చదవాల్సొచ్చింది. ఆదివారం మీ సభ, బుధవారానికి అచ్చు పూర్తయింది. మీరు చేత్తో సర్ది సంతకం పెట్టిచ్చిన నమూనా ప్రతి బావగారి సొరుగులో ఉంది. ఆయన మిషను విడిభాగం కోసం పక్క ఊరు వెళ్ళారు, సొరుగు తాళంచెవి జేబులో వేసుకుని. ఫోను చేసి వరసేమిటని అడిగాను. ఆ పుస్తకానికి వరసేమిటమ్మా, ఎలా కుట్టినా ఒకలాగే అర్థం కాదు, చదువుకున్నదానివి, నువ్వే చూసుకో అన్నారు.

మీ ఇంటికీ చేశాను. మీ ఆవిడ తీశారు. రాసుకుంటున్నారు, పిలిస్తే చిరాకు పడతారు అన్నారు. పోనీ మీరు చెప్పగలరా అమ్మా, ఏది ముందో ఏది వెనకో అన్నాను. నేను చదవలేదండీ అన్నారు. అలా చూస్తారేం? వెళ్ళాక అడగండి.

సరే, పన్నెండు ఫారాలూ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను.

ఏమాటకామాట చెప్పుకోవాలి, మొదట్లో తిట్టుకున్నాను. ఒక ఫారం నిండా బావి గిలక మాట్లాడుతుంది. ఇంకోదాంట్లో గోడ. ఇంకోదాంట్లో పదహారు పేజీలూ దుమ్మే. నేనూ పల్లెలో పుట్టినదాన్నే. ఆ దుమ్ములో మీ ఊళ్ళో ఒక్కరైనా తుమ్మరేం మాస్టారూ? ఒక్కరూ పక్కవాణ్ణి ఆటపట్టించరు. మా ఊళ్ళో గింజ లేని ఏడు కూడా నవ్వుకునేవాళ్ళు, ఖాళీ గాదెలో పడుకున్న పిల్లి మీద నెల రోజులు జోకులేశారు. మీ మనుషులేమో ఎటో చూస్తూ నిలబడి ఉంటారు, ఫొటో తీయించుకుంటున్నట్టు.

కానీ ఆ పెట్టె మనిషి ఉంది చూశారూ. మీరు పేరు పెట్టలేదు కాబట్టి నేను పెట్టుకున్నాను. మూడిళ్ళకి నీళ్ళు తోడి పోసే మనిషి, ఒక రేకు పెట్టె తప్ప ఇంకేమీ లేని మనిషి. గిలక చెప్పేది ఆవిడ గురించే, గోడ చెప్పేదీ ఆవిడ గురించే. ఊరంతా ఆవిణ్ణి చూస్తుంది. ఆవిడతో ఎవరూ మాట్లాడరు. అక్కడికొచ్చేసరికి తిట్టడం మానేశాను. మళ్ళీ మొదటి నుంచీ చదివాను.

పది ఫారాలకి వరస దొరికింది. వానకి కూలిన గోడ తర్వాత మళ్ళీ నిలబడదు కదా, అలాంటివి చూసుకుంటూ పోయాను. రెండు మిగిలాయి. ఒకదాంట్లో ఆవిడ పెట్టె పట్టుకుని నాలుగు రోడ్ల దగ్గర బస్సెక్కుతుంది. రెండోదాంట్లో పెట్టె పట్టుకుని తిరిగొస్తుంది, పెట్టె అటక మీద పెట్టి, చీపురు తీసుకుని వాకిలి ఊడుస్తుంది. ఏది ముందు? ఎక్కడికి వెళ్ళింది, ఎక్కణ్ణించి వచ్చింది, ఏమీ రాయలేదు మీరు. అలా రాయకపోవడమే గొప్పతనమని తర్వాత ఎవరో పత్రికలో రాశారు.

కానీ రాశారు మాస్టారూ. మీకు తెలియకుండానే రాశారు.

ఊడ్చే ఫారం తీయండి, నడిమి పేజీ. పెట్టె పిడి ఆవిడ అరచేతిలో ఎర్రటి గీత కోసిందని ఉంది. బస్సెక్కే ఫారం తీయండి, అదీ నడిమి పేజీయే. ఆ పిడికి పాత చీర పేలిక చుట్టి ఉందని ఉంది. మూడు చుట్లు చుట్టి, ముడి లోపలికి. ఇప్పుడు చెప్పండి. పేలిక చుట్టిన పిడి చెయ్యి ఎలా కోస్తుంది? ఒకసారి కోసుకున్న మనిషే రెండోసారి పేలిక చుట్టుకుంటుంది. అంటే ముందు తిరిగొచ్చింది. ఆ తర్వాత సిద్ధపడి వెళ్ళింది.

మీ వరసే సరైనదైతే, ఆ పేలిక ఏమైనట్టు? బస్సులో ఎవరైనా కొట్టేశారా?

నీళ్ళు తాగండి. సీసా మూత తీసే ఉంది.

మీరు చూసుకోలేదు. విమర్శకులూ చూసుకోలేదు. తప్పు పట్టడం లేదు. పెట్టె మోసినవాళ్ళకి ఆ రెండు పేజీలూ ఒకేసారి కనపడతాయి, అంతే.

అలా వరస కట్టి, బస్సెక్కే ఫారం ఆఖరున పెట్టి, కుట్టడం మొదలుపెట్టాను. మడతలు వేసే పెద్దమ్మ ఒకత్తే నాకు సాయం. ఆదివారానికి అరవై ప్రతులు పంపాం. మిగతావి కుట్టడానికి నెల పైన పట్టింది. మొత్తం నాలుగు వందలు. నాలుగు వందల సార్లు ఆవిణ్ణి బస్సెక్కించి, ముడి వేసి, దారం తెంపాను.

ఆఖరి ప్రతి కుట్టిన రోజే ఈ లైబ్రరీకి మళ్ళీ కార్డు రాశాను. ఈసారి పర్మనెంటు పని ఉంది, ఒకటో తారీఖుకి వచ్చి చేరమన్నారు.

మీకేమో తప్పు తెలియడానికే నెల దాటింది. అంటే మీ పుస్తకం ఆఖరిదాకా చదివిన మొదటి మనిషి దొరకడానికి అన్నాళ్ళు పట్టిందన్నమాట. ఆయనెవరో ఆవిడ వెళ్ళిపోవడం ఎంతో బాగుందని మీకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పట్టుకుని ప్రెస్సుకి వచ్చారు. వెనక గదిలో నేను వింటూనే ఉన్నాను. గుర్తుందా మీరేమన్నారో? "ఆవిడ వెళ్ళిపోతే ఇక నా ఊరేమైపోవాలి?" అన్నారు.

ఆ మాట నేను మర్చిపోలేదు.

మీరు వెళ్ళాక బావగారు లోపలికొచ్చారు. అప్పటికి నూట యాభై అమ్ముడయ్యాయి, రెండు వందల యాభై అల్మారాలో ఉన్నాయి. అవన్నీ విప్పి మళ్ళీ కుట్టిస్తానని మీకు మాటిచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చుని, తప్పులు అందరూ చేస్తారమ్మా అన్నారు. మూడు నెలల పని, నెమ్మదిగా చెయ్యి, తొందరేముంది, నువ్వెక్కడికి పోతావు గనక అన్నారు.

ఒకటో తారీఖుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ తొమ్మిది రోజులూ ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. పొద్దున మెట్లు దిగేదాన్ని. కత్తి తీసుకునేదాన్ని, ఒక ప్రతి వీపు గీరేదాన్ని, దారం బయటపడగానే కత్తి కింద పెట్టేసేదాన్ని. సాయంత్రం మెట్లెక్కేదాన్ని. అక్కయ్య భోజనం వడ్డిస్తూ, చేతులు నొప్పెడుతున్నాయా అనేది. నూనె వెచ్చబెట్టి తెచ్చేది. అలాంటి మనుషుల్ని వదిలి వెళ్ళాలంటే ఏ కారణం చెప్పాలి? మంచివాళ్ళని వదలడానికి మాటలెక్కడున్నాయి? మీ పుస్తకంలో అయినా ఉంటాయేమోనని వెతికాను. గిలకకీ గోడకీ అన్ని మాటలు ఇచ్చారు, ఆవిడకి ఒక్కటి ఇవ్వలేదు.

మంగళవారం పొద్దున పదింటికి, అందరూ మెలకువగా ఉన్నప్పుడే, వెళ్ళాను. ముందు పొయ్యి ఆర్పాను. గిన్నె మీద మూత పెట్టాను. మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను, ఆర్పానో లేదో అని. నవ్వకండి. అటక మీంచి పెట్టె దింపాను. పుస్తకం వీపుకి అంటించే గుడ్డ జానెడు కత్తిరించి పిడికి చుట్టాను. మూడు చుట్లు చుట్టి, ముడి లోపలికి.

దొడ్డిదారి ఉంది. ముందు గదిలోంచే వెళ్ళాను. బావగారు ప్రూఫు చూస్తూ తలెత్తి ఎక్కడికమ్మా అన్నారు. చెప్పాను, ఫలానా లైబ్రరీలో ఉద్యోగం, ఇవాళ బయల్దేరితే రేపు చేరాలని.

"ఎప్పుడొస్తావు?"

"రాను బావగారూ."

ఆయన నా మొహం చూడలేదు. అల్మారా వైపు చూశారు. "మరి అవన్నీ ఎవరు విప్పుతారు?" అన్నారు.

అక్కయ్య మెట్ల మీద ఉంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నా పెట్టె చూసింది, పిడి చూసింది. "పొయ్యి ఆర్పావా?" అంది. ఆర్పానన్నాను.

"అయితే వెళ్ళు" అంది.

ఆవిడకి నాలుగేళ్ళుగా తెలుసు మాస్టారూ. అన్నీ తెలుసు.

ఇక్కడేదో స్వర్గముందని చెప్పను. చూస్తున్నారుగా, ఈ గదికీ కిటికీ లేదు. పాత కాగితానికి ఎండ తగలకూడదట. అద్దె గదికి నడిచి వెళ్ళాలి, అరగంట. కొన్ని సాయంత్రాలు ఎవరితోనూ మాటే ఉండదు. ఎనిమిది నెలల్లో రెండో జత చెప్పులివి. బావగారు ఒకసారి వచ్చారు, ఇంకోసారి కబురు పంపారు. వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి బస్సు దాకా దిగబెట్టాను. ఆ రెండు వందల యాభై ప్రతుల్నీ ఎవరూ విప్పలేదని ఆయనే చెప్పారు. అలాగే అమ్ముడైపోయాయట.

ఇప్పుడు మీ కాగితం సంగతి.

ఇంతసేపూ నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఒకటి చెప్పకుండా దాటేశాను. అక్కయ్యకి కూడా చెప్పలేదు అది.

బావగారు శుక్రవారం మధ్యాహ్నమే తిరిగొచ్చారు. సభకి ఇంకా రెండు రోజుల ముందు. సొరుగు తెరిచి మీ నమూనా ప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. అప్పటికి నలభై కుట్టాను. నలభై అంటే ఒక పూటలో విప్పేయొచ్చు. నమూనా తెరిచి చూశాను. బస్సెక్కడం ముందు, ఊడవడం ఆఖరు. కింద మీ సంతకం.

ఒక ప్రతి మీ వరసలో కుట్టాను. ఒకే ఒక్కటి. ఊడ్చే ఫారం ఆఖరున పెట్టి, నడిమికి తెరిచి, సూది దించాను. ఆ ఎర్రటి గీత మీద నా వేలుంది. విప్పాల్సిన ఆ నలభైతో కలిపి ఇంకా మూడు వందల తొంభై తొమ్మిది ఇలాగే కుట్టాలి, ప్రతిదాంట్లో ఆవిణ్ణి ఈ చేత్తోనే వెనక్కి తీసుకురావాలి. ముడి వెయ్యలేదు. దారం తెంపేశాను. విప్పి నా వరసలో మళ్ళీ కుట్టాను. మీ నమూనా ప్రతి తీసుకెళ్ళి కత్తిరింపుల గంపలో అడుగున వేశాను.

అవును. తెలిసే చేశాను. అందరూ పొరపాటంటే ఊరుకున్నాను. బావగారు తప్పులు అందరూ చేస్తారమ్మా అంటుంటే తలొంచుకుని విన్నాను.

మీరు అరవరేం? ఇప్పుడైతే అరవొచ్చు.

సరే, ఆ కలం ఇటివ్వండి. ఇదిగో, 'పొరపాటు వల్ల' అన్న చోట కొట్టేస్తున్నాను. పైన రాస్తున్నాను చూడండి, 'కావాలనే'. ఇదిగో సంతకం. మీ గీత మీదే పెట్టాను. వేస్తే ఇలాగే వెయ్యండి, లేకపోతే మానెయ్యండి.

రెండో ముద్రణకి మీ వరసే పెట్టుకోండి, మీ పుస్తకం. ఆ పేలిక సంగతి మాత్రం చూసుకోండి. ఇంకొకరు అడుగుతారు.

ఏమిటి, బావగారి కబురా? ముందే చెప్పొచ్చుగా. రెండో ముద్రణ కూడా అక్కడేనా? ఒక్క నెల రమ్మన్నారా, ఈసారి అంకెలు వేయిస్తామన్నారా.

అంకెలు వేస్తే ఇక నాతో పనేముంది? మడతల పెద్దమ్మే కుడుతుంది. ఆయనకి చెప్పండి, అడిగారని విన్నాను, రానన్నాను అని. అక్కయ్యకి మాత్రం ఒకటి చెప్పండి, మరిచిపోకుండా. ఆ పెట్టె పిడికి చుట్టిన గుడ్డ మొన్న విప్పేశాను. ఇక్కడొక పుస్తకం వీపుకి కావాల్సొచ్చింది.